నోట్లో పిల్లల్ని దాచుకున్న చేప

అనగనగా కాకినాడలో, ఓ మేడమీది గదిలో అన్నాచెల్లెళ్ళు ఉండేవాళ్ళమ్మా. అన్న పేరు భాస్కరం, చెల్లెలు రత్నం. అమ్మానాన్నా లేని రత్నాన్ని ఆ అన్నే పెంచి పెద్దచేశాడు.

భాస్కరానికి చేపలంటే ప్రాణం. గాజుతొట్టెలో ఒక జంటని పెంచేవాడు. ఎక్కడో పడమటి ఆఫ్రికా నదుల్లో ఉండే చేపలవి. ఆడచేప గుడ్లు పెడితే, మగచేప వాటిని నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. పిల్లలయ్యేదాకా తిండి ముట్టదు.

"ఆ పిల్లల్ని ఒక్కసారి చూడాలే రత్నం" అనేవాడు భాస్కరం.

మొదటిసారి గుడ్లు పెట్టినప్పుడు కింద వీధిలో ఎవరో టపాకాయలు పేల్చారు. తండ్రిచేప బెదిరిపోయి గుడ్లన్నీ మింగేసింది.

ఆ తర్వాత ఆడచేప మళ్ళీ గుడ్లు పెట్టింది. నీళ్ళు మురికయ్యాయని రత్నం తొట్టె మొత్తం కడిగేసింది. ఆ బెదురుకి ఆ గుడ్లూ పోయాయి. రత్నం ఏడుస్తుంటే, అన్న పల్లెత్తు మాట అనలేదు. "ఈసారి చూద్దాంలేవే" అన్నాడు.

అప్పుడు భాస్కరానికి జబ్బు చేసింది. ఆస్పత్రిలో చేర్చారు. నయమయ్యే జబ్బు కాదన్నారు డాక్టర్లు.

మూడోసారి గుడ్లతో తండ్రిచేప గొంతు ఉబ్బింది. రత్నం ఇంట్లో గట్టిగా అడుగు కూడా వెయ్యలేదు. రోజూ ఆస్పత్రికెళ్ళి చెప్పేది.

"ఇంకా మోస్తూనే ఉంది అన్నయ్యా."

"ఏమైనా తిన్నదా?"

"లేదు."

"అయితే బాగానే ఉందిలే" అనేవాడు. అప్పటికి తనకీ ముద్ద దిగడం లేదు పాపం.

ఒక పొద్దున చూస్తే, తొట్టెనిండా బియ్యపుగింజలంతేసి పిల్లలు! రత్నం నాలుగు పిల్లల్ని గాజుసీసాలోకి తీసుకుని, పరుగున ఆస్పత్రికెళ్ళి ఆ సీసా అన్న గుండెమీద పెట్టింది.

భాస్కరం చాలాసేపు చూశాడు. మొహం విచ్చుకుంది. ఆ తర్వాత కంగారుపడ్డాడు.

"తండ్రి లేకుండా తెచ్చేశావేమే? బెదిరిపోతాయి. తీసుకెళ్ళిపో తల్లీ."

"కాసేపు నీ దగ్గరే ఉంటాను అన్నయ్యా."

"వద్దు. వెళ్ళు."

రత్నం వెళ్ళింది. సీసా తొట్టెలోకి వంచింది. తండ్రిచేప నోరు తెరిచింది. నాలుగూ గబగబా లోపలికి దూరిపోయాయి.

అప్పుడే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. అన్న వెళ్ళిపోయాడు.

రత్నం తొట్టె దగ్గర గొంతు ఎత్తలేదమ్మా. చీరకొంగు నోట్లో కుక్కుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసింది. మెట్లన్నీ దిగి, వీధి చివరిదాకా నడిచి, అక్కడ కూలబడి ఏడ్చింది.

కథ పోయె కంచికి,
మనం పోదాం ఇంటికి,
కునుకు రావే కంటికి.