అడ్డంగా ఊపిన తల

ఒక రాజుగారి చెవుల్లో ఎప్పుడూ రెండు ఇయర్‌బడ్స్ ఉండేవి. రాజుల కాలంలో ఇయర్‌బడ్స్ ఏమిటని అడిగేవాళ్ళు, రాజుల కాలం ఎప్పుడు అయిపోయిందో ముందు చెప్పాలి.

వాటిని ఓడ మీద వచ్చిన ఒక వర్తకుడు కానుకగా ఇచ్చాడు. తెల్లగా, నున్నగా, తీగలు లేకుండా ఉండేవి. ఇచ్చి ఊరుకునే వర్తకుడైతే కథే లేదు. ప్రతి పున్నమికీ వాటికి ఒక అప్‌డేట్ పంపేవాడు. పున్నమినాడు కొత్త విద్య నేర్చుకునేవి, మర్నాటినుంచీ దాన్ని రాజుగారి చెవుల్లో ప్రదర్శించేవి.

మొదట హోరు తీసేయడం నేర్చుకున్నాయి. ఎప్పుడూ ఒకే తీరుగా వచ్చే చప్పుడు ఏదైనా సరే, రాజుగారిదాకా రానివ్వకుండా మింగేసేవి. వింజామర వీచే సవ్వడి పోయింది. పావురాల గొణుగుడు పోయింది. కోట వాకిట్లో జనం నీళ్ళ గురించీ పన్నుల గురించీ తాతల నాటినుంచీ ఒకే గొంతుతో మొరపెట్టుకుంటూ ఉండేవాళ్ళు. అదీ పోయింది.

"ఇన్నాళ్ళకి రాజ్యం ప్రశాంతంగా ఉంది," అన్నారు రాజుగారు.

తర్వాతి పున్నమికి, రాజుగారు నోరు తెరవగానే చెవిలో పాట దానంతటదే తగ్గడం మొదలైంది. నోరు మూయగానే మళ్ళీ పెరిగేది, సరిగ్గా ఎదుటివాడు జవాబు చెప్పబోయే వేళకి. ఈ విద్య రాజుగారికి మహా నచ్చింది.

ఆపై పున్నమికి, రాజుగారు కునుకు తీస్తే పాట ఆగిపోయే విద్య వచ్చింది. పాట ఆగితే రాజుగారి కాలి బొటనవేలు తాళం వేయడం ఆగేది. వేలు ఆగితే మంత్రి రాజముద్రిక కోసం వెతికేవాడు. ఈ విద్య మంత్రికి మహా నచ్చింది.

అన్నిటికంటే ఉపయోగపడింది మాత్రం తల విద్య. రాజుగారు కొలువు తీర్చేది భోజనాల వేళ. కుడిచెయ్యి గోంగూర పప్పులో ఉంటుంది కనక దాంతో బడ్స్ ముట్టుకుంటే ఎంగిలి. ఎడమచేత్తో ముట్టుకుందామంటే అందులో మజ్జిగ గ్లాసు. ఇప్పుడా బాధ లేదు. తల ఊపితే చాలు, బడ్స్ దాన్ని అర్థం చేసుకుంటాయి. అవి అర్థం చేసుకున్నది నలుగురికీ వినపడేలా సింహాసనం పక్కన ఒక స్పీకరు పెట్టించారు. "ఔను" అనో "కాదు" అనో అందులోంచి ఒక ఆడగొంతు పలికేది, పానకం పోసినట్టు. ఆ గొంతు ఏదంటే అదే ఆజ్ఞ. రాజుగారి నోరు పూర్తిగా ముద్దలకి ఖాళీ అయింది.

ఆ ఊళ్ళో ఉప్పమ్మే ఒకామె ఉండేది. ఆమెకొక గాడిద. సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళ నుంచి ఊళ్ళోకి బస్తాలు మోసేది అదే. అది లేకపోతే ఆమె వీపే మొయ్యాలి. మోత సంగతి అలా ఉంచితే, పొద్దున లేచిన దగ్గర్నుంచి నోరారా తిట్టుకోవడానికి ఆమెకి లోకంలో ఉన్న ప్రాణి అదొక్కటే.

ఒక మధ్యాహ్నం ఆ గాడిద కోటగోడ పక్కన ఆగి ఓండ్రపెట్టింది. గాడిద ఓండ్ర ఒకే తీరుగా ఉండదు. ఎక్కడ లేస్తుందో, ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ వెక్కుతుందో దానికే తెలియదు. బడ్స్‌కి అది కొరుకుడు పడలేదు. ఓండ్ర మొత్తం, తోకతో సహా, రాజుగారి చెవిలో దిగింది.

భటులు వచ్చి గాడిదని కట్టేశారు. ప్రశాంతతకి భంగం కలిగించడం నేరమట. సంతరోజున ఇటుకల బట్టీకి తోలెయ్యడం శిక్షట. బట్టీకి పోయిన గాడిద తిరిగొచ్చిన దాఖలా ఆ ఊళ్ళో లేదు.

ఉప్పామె కొలువుకి పరిగెత్తింది. చెంగు బిగించి, చేతులు జోడించి, రాజుగారి విస్తరికి ఎదురుగా నిలబడింది.

"దొరా, మావోడు అరిచింది నిజమే. దేవుడు దానికి గొంతిచ్చాడు గానీ సంగీతం నేర్పలా. ఈ ఒక్కసారికి వదిలెయ్యండి సామీ."

రాజుగారు ముద్ద నములుతూ ఆమెవైపు చూశారు. చూసి, తల మెత్తగా ఇటూ అటూ ఊపారు. ఆ దేశంలో ఎవరైనా "సరేలే, అట్టాగే కానీ" అనేందుకు ఊపేలాగే ఊపారు. చెవిలో పాటకి ఊపారేమో కూడా, మనకి తెలియదు. ఆమె దణ్ణం పెట్టడానికి వంగింది.

"కాదు," అంది స్పీకరు.

ఆమె వంగిన నడుం వంగినట్టే ఉండిపోయింది. "ఊపాడు కదయ్యా!" అంది మంత్రితో.

"యంత్రం కాదంది కదమ్మా."

"తల ఆయనదా, యంత్రానిదా?"

"తల ప్రభువులది. అర్థం యంత్రానిది," అన్నాడు మంత్రి. "ఆ, తర్వాతెవరు?"

బయట వాకిట్లో కాపలా భటుడు ఆమె మొహం చూసి నవ్వాపుకున్నాడు. వాడికి ఆమె వరసకి పిన్ని.

"నేరుగా అడిగావా ఏంది పిన్నీ?"

"అడ్డంగా అడుగుతారంట్రా ఎవరన్నా?"

"ఊరంతా అట్టానే అడగతా ఉంది. ఆ ఓడ వర్తకుడి దేశంలో ఔనంటే తల పైకీ కిందకీ ఆడిస్తారంట. అడ్డంగా ఊపితే కాదనంట. ఆ బడ్స్ నేర్చుకుంది ఆ దేశం తల."

"పైకీ కిందకీనా? గంగిరెద్దు మాదిరా?"

"ఆ."

"అయితే రాజుగార్ని కూడా గంగిరెద్దు మాదిరి ఊపమనొచ్చు కదరా."

"ఆ ఊపు ఊపాల్సింది మేం పిన్నీ, ఆయన కాదు." వాడు ఈటెని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చాడు. "నువ్వు తిరగేసి అడుగు. బావి నిలవాలంటే బావి పూడ్చమంటారా అని అడగాలి. ఆయన ఊపుతాడు, అది కాదంటది, బావి నిలబడుద్ది. నీ గాడిద కావాలంటే..."

"చాల్లే, అర్థమైంది."

ఇంటిదాకా ఆ మాటే వల్లిస్తూ నడిచింది. నా గాడిదని బట్టీకి తోలెయ్యమంటారా. మొదట్లో నోరు రాలేదు. ఊరి పొలిమేర దాటేసరికి గొంతు వణకడం మానింది. గుడిసె చేరేసరికి, ఎవరైనా వింటే నిజంగానే బట్టీకి పంపాలని కోరుతోందనుకునేంత బాగా వచ్చేసింది.

సంతరోజు వచ్చింది. తన అర్జీ వేళకి అందకుండా పోతుందేమోనని ఆమె అందరికంటే ముందొచ్చి వరసలో మొదటి మనిషిగా నిలబడింది. గాడిదని కూడా తెచ్చి ఒక స్తంభానికి కట్టేసి ఉంచారు, తీర్పు కాగానే అటునుంచటు తోలుకుపోవడానికి. అది ఆమెని చూసి చెవులు నిక్కించింది. ఆమె దానివైపు చూడలేదు. చూస్తే మాట తిన్నగా వచ్చేస్తుందని భయం.

"దొరా," అంది, గొంతు సవరించుకుని. "నా గాడిదని బట్టీకి తోలెయ్యమంటారా?"

రాజుగారు తల మెత్తగా ఇటూ అటూ ఊపారు.

"ఔను," అంది స్పీకరు.

ఆమెకి వినపడింది గానీ అర్థం కాలేదు. మంత్రి మాత్రం చేతులు చాచి, పెళ్ళికొడుకు తండ్రిలా ముందుకొచ్చాడు.

"మహాజనులారా, శుభవార్త! మన తల దానికి అర్థం కావడం లేదని వర్తకుడికి కబురు పెట్టాం. నిన్నటి పున్నమికి దిద్దుబాటు వచ్చింది. ఇకమీదట అడ్డంగా ఊపినా ఔనే, నిలువుగా ఊపినా ఔనే."

"మరి కాదనాలంటేనో?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"మన ప్రభువులు ఎప్పుడైనా కాదన్నారటయ్యా?"

వరసలో ఉన్నవాళ్ళంతా గతుక్కుమన్నారు. వెంటనే పెదాలు కదుపుతూ, తిరగేసి తెచ్చుకున్న అర్జీలన్నీ మళ్ళీ మామూలుగా మార్చుకోవడంలో పడ్డారు. ఉప్పామెకి ఆ వీలు లేదు. ఆమె మాట అయిపోయింది.

"దొరా, అది నా మాట కాదు, తిరగేసిన మాట! నేనడిగింది..."

"అడిగావు, ఔనన్నారు," అన్నాడు మంత్రి. "అడిగింది దొరికాక కూడా ఏడిస్తే ఎట్లాగమ్మా? తోలుకుపోండ్రా."

భటులు పగ్గం విప్పి లాగారు. గాడిద నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, మెడ చాచి, ఓండ్రపెట్టింది. కోటగోడ పక్కన పెట్టింది దీని ముందు లాలిపాట. రాజుగారు ఉలిక్కిపడ్డారు. విస్తరి మీంచి లేచి, గోంగూర చేత్తోనే రెండు చెవుల్లోంచీ రెండు బడ్స్ పీకేశారు.

అంతలో గాడిద ఓండ్ర ఆపేసింది. రాజు మాత్రం కదలకుండా నిలబడిపోయాడు.

"ఏమిటది?" అన్నాడు.

"గాడిద, ప్రభూ."

"గాడిద కాదు. దాని వెనక. ఏదో హోరు."

మంత్రి నేలకేసి చూశాడు. సేనాపతి పైకప్పుకేసి చూశాడు. బయట వాకిట్లోంచి అది వస్తూనే ఉంది, ఎడతెగకుండా.

"అది మేమే దొరా," అంది ఉప్పామె.

రాజు చాలాసేపు విన్నాడు. ఆయన చేతిలోంచి పప్పు బొట్లు బొట్లుగా కారుతోంది. తర్వాత ఆమెని అడిగాడు:

"నీకేం కావాలి?"

"నా గాడిద."

"వదిలెయ్యండి," అన్నాడు రాజు, నోటితో.

ఎవరూ కదల్లేదు. భటులు మంత్రివైపు చూశారు. మంత్రి స్పీకరువైపు చూశాడు. స్పీకరు ఎటూ చూడలేదు.

"అది ఇంకా ఏమీ అనలేదు ప్రభూ," అన్నాడు మంత్రి.

"నేనంటున్నాగా!"

"తమరు మాట్లాడారు ప్రభూ. ఆజ్ఞ వేరు. అవి ఒకసారి చెవుల్లో పెట్టుకుని తల ఊపితే క్షణంలో పని."

రాజు అరచేతిలో పచ్చగా పప్పు పూసుకుని ఉన్న బడ్స్‌ని చూశాడు. వాకిలివైపు చూశాడు. "నేను పెట్టుకోను," అన్నాడు.

"చెవుల్లో లేకపోతే అవి పలకవు ప్రభూ."

"అయితే నువ్వు పెట్టుకో."

మంత్రి గబుక్కున వెనక్కి జరిగాడు. "ఎంగిలి, ప్రభూ!" సేనాపతి మీసం దువ్వుకోవడంలో మునిగిపోయాడు. పురోహితుడు తాను మడిలో ఉన్నట్టు అప్పుడే జ్ఞాపకం తెచ్చుకున్నాడు. రాజ్యమంతా ఆయన ఉప్పు తిన్నవాళ్ళే గానీ, ఆయన ఎంగిలి ముట్టేవాడు కొలువులో ఒక్కడూ లేడు.

"ఎవరి చెవుల్లో పెట్టినా పలుకుద్దా?" అనడిగింది ఉప్పామె.

"చెవులంటూ ఉంటే చాలు," అన్నాడు మంత్రి చిరాగ్గా.

ఆమె రాజు అరచేతిలోంచి ఆ రెండూ తీసుకుంది. తిన్నగా స్తంభం దగ్గరికి పోయింది. "మావోడికి ఎంగిలి పట్టింపు లేదు," అంటూ గాడిద చెవుల్లో చెరొకటి దోపింది. అక్కడ చోటు బాగానే ఉంది.

"నిన్ను వదిలెయ్యమంటావంట్రా?" అనడిగింది దాన్ని.

గోంగూర వాసనకి ఒక ఈగ వచ్చి గాడిద చెవి మీద వాలింది. గాడిద తల విదిలించింది.

"ఔను," అంది స్పీకరు.

భటులు పగ్గం వదిలేశారు, వేడి గిన్నె వదిలినట్టు. ఉప్పామె దాన్ని అందుకుంది. కళ్ళు తుడుచుకుని, "పద, ఎదవా," అని లాగింది.

కానీ వరసలో రెండో మనిషి అప్పటికే గాడిద ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. "మా వీధిలో బావి తవ్వించమంటారా ప్రభూ?" ఇంకో ఈగ వాలింది. "ఔను." మూడోవాడు, "మా పన్ను తీసెయ్యమంటారా ప్రభూ?" "ఔను." జనం విరగబడ్డారు. నాలుగోవాడు పక్కింటివాడి దొడ్డి తనకి ఇప్పించమన్నాడు. "ఔను." అయిదో మనిషి ఆ పక్కింటివాడే. వాడి దొడ్డి వాడికే ఉంచమన్నాడు. దానిక్కూడా "ఔను."

మంత్రి ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ఉత్తరీయం నడుముకి చుట్టుకుని, గాడిద ముందు వంగి, తల పైకీ కిందకీ ఆడించాడు. గాడిద నాలుగడుగులు నడిచి రాజుగారి విస్తరి చేరుకుంది. పప్పూ అన్నం తిని, ఆకు కూడా తినేసింది.

"అయ్యా, నా గాడిద," అంది ఉప్పామె.

రెండు ఈటెలు ఆమెకి అడ్డంగా పడ్డాయి. అందులో ఒకటి ఆమెని పిన్నీ అని పిలిచేవాడిది.

"ప్రభువుల్ని ఎక్కడికి తీసుకుపోతావమ్మా?" అన్నాడు వాడు, ఆమె మొహంకేసి చూడకుండా. ఆమె చేతిలోని పగ్గాన్ని పిడికిలికి కాస్త అవతల మెల్లిగా కోసేశాడు.

ఆమె బయటికొచ్చింది. చేతిలో మూరెడు తాడు ముక్క మిగిలింది. పొద్దున వీపున మోసుకొచ్చి గోడవార దించిన ఉప్పు బస్తా అక్కడే ఉంది. దాన్ని చూస్తూ నిలబడింది.

పక్కన ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు, చెవులు రుద్దుకుంటూ. లోపల ఎవరూ ఆయన్ని ఆపలేదు. ఆయన బయటికొస్తున్నట్టు ఎవరూ చూడనే లేదు.

"నీ గాడిద లోపలే ఉండిపోయింది," అన్నాడాయన.

"చూశాలే."

వాకిట్లో జనం ఎప్పట్లాగే మొరపెట్టుకుంటున్నారు. లోపల్నుంచి స్పీకరు ఔను, ఔను అంటోంది.

ఆమె ఆయన భుజాలకేసి చూసింది. కాళ్ళకేసి చూసింది. తిండి బాగా తిన్న ఒళ్ళు.

"మోస్తావా?" అంది.

ఆయన తల ఇటూ అటూ ఊపాడు.

ఆమె బస్తా ఎత్తి ఆయన వీపు మీద పెట్టింది.