తవుడికి కొన్న రాకుమారుడు

అనగనగా అంటే ఊ కొట్టాలర్రా, లేకపోతే కథ కదలదు. చందనగిరిని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు పుట్టి, ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోవాడు పుట్టగానే రాణి వాణ్ణి చేటలో పెట్టి గుడిముందు వదిలింది. "వీడు మావాడు కాదు స్వామీ, నీవాడు" అని రాజు దణ్ణం పెట్టాడు. పూజారి చేతిలో పిడికెడు తవుడు పోసి, పిల్లాణ్ణి కొనుక్కున్నట్టు మళ్లీ ఎత్తుకొచ్చారు. పిల్లాడు బతికాడు. తవిటయ్య అని పేరు పెట్టారు.

ఆ పేరెందుకు పెట్టారో వాడికి ఎవరూ చెప్పలేదు. రాజుగారి కొడుక్కి ఇదేం పేరని వాడికి అనుమానం. అనుమానం పెనుభూతం కదా, ఒకదాంతో ఆగలేదు. పాలిస్తే ముందు పిల్లికి పోసేవాడు. పరుపేస్తే దులిపి దులిపి చూసేవాడు. పిల్లి మాత్రం బాగా బలిసింది.

ఇలా ఉండగా కంటకుడనే మాంత్రికుడు రాణిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉందట. దాన్ని పట్టుకోబోయినవాళ్లంతా రాళ్లైపోయారట. అయినా తల్లిమీద బెంగతో తవిటయ్య బయల్దేరాడు. ఒడ్డున ఒక ముసలి తాబేలు, "ఎక్కు నాయనా, దాటిస్తాను" అంది.

"మధ్యలో ముంచేస్తే?" అన్నాడు తవిటయ్య. ప్రతి సముద్రంలోనూ అదే అడిగాడు. ఏడోదాంట్లో తాబేలుకి విసుగొచ్చింది.

"ముంచేదాన్నైతే ఆరు సముద్రాలు మోస్తానటయ్యా!"

అవతల మాంత్రికుడి కోటలో పంజరం, పంజరంలో చిలక, పక్కనే సంకెళ్లతో రాణి. మాంత్రికుడు కత్తి దూయలేదు, నవ్వాడు.

"మీ అమ్మ నిన్ను చేటలో పెట్టి వదిలేసింది." నిజమేనేమో అనుకున్నాడు తవిటయ్య. పాదాలు రాయైపోయాయి.

"మీ నాన్న నిన్ను నావాడు కాదన్నాడు." నడుందాకా రాయైంది.

"పిడికెడు తవుడు! అదీ నీ విలువ." గుండెదాకా రాయైంది.

రాణి గొల్లుమంది. "అన్నీ నిజమే నాయనా! ఎవరి ముందు వదిలానో మాత్రం వాడు చెప్పలేదు. మావాళ్లనుకున్న ముగ్గురూ దక్కలేదు. అందుకే నిన్ను దేవుడికిచ్చేశాం. ఆయన బిడ్డ, నా చేతిలోంచి జారకూడదని, నిన్ను ఒక్కనాడైనా ఒంటిచేత్తో ఎత్తుకోలేదురా!"

తవిటయ్యకు ఏడుపు తన్నుకొచ్చింది. "అయితే నన్ను పారేయలేదమ్మా, అప్పగించావు" అన్నాడు. రాయి పెళపెళ విరిగిపోయింది. వాడు ఒక్క ఉరుకున చిలకను పట్టుకున్నాడు.

"చంపకు! నేను రాకుమారి కేతకిని. వాడి ప్రాణం నా కాలి దారంలో ఉంది, తెంపు" అంది చిలక.

"నిన్నెలా నమ్మేది?"

"తెంపి చూడు మరి!"

తెంపాడు. మాంత్రికుడు కుప్పకూలాడు. చిలక అమ్మాయైంది, రాళ్లైనవాళ్లు మళ్లీ మనుషులయ్యారు, రాణి సంకెళ్లు ఊడాయి.

తవిటయ్యకూ కేతకికీ పెళ్లైంది, ఇద్దరూ చాలాకాలం చల్లగా ఏలారు. పెళ్లిపీటల మీద కూడా వాడు తలంబ్రాలు ఏరి ఏరి చూస్తుంటే కేతకి నవ్వింది.

"ఇంకా అనుమానమేనా?"

"అందరి మీదా ఉంది" అన్నాడు తవిటయ్య. "ఆ స్వామి మీద మాత్రం పోయింది."