రెండక్షరాల ముద్ర

ఇంగ్లీషు కొత్తగా దిగుమతైన రోజుల్లో వెలిచర్ల అనే సంస్థానాన్ని జగపాలరాజు ఏలేవాడు. ఒక దొరగారు కొలువుకు వచ్చి ఆయనకు నెల్లాళ్లు ఇంగ్లీషు చెప్పారు. రాజుగారికి వంటబట్టింది ‘అవును’ అనే ఒక్క మాటే. అదైనా నాలుగు రకాలుగా.

“‘యెస్’ పుట్టినప్పుడు మన తథాస్తు లాంటి మాటట. అది మునులకు. ‘యా’ దానికి ఆవులింత. ‘యెప్’ అంటే పెదవులు టప్పున మూసి తోక తెంపిన మాట. ‘ఓకే’ ఒక్కటే రాజసం,” అని సభకు పాఠం చెప్పి, ఆ రెండక్షరాలతో బంగారు ముద్ర చేయించుకున్నాడు. సరిగ్గా ఉన్న ప్రతిదాని మీదా అది పడాల్సిందే. పప్పులో ఉప్పు సరిపోతే వంటవాడి మణికట్టు మీద పడేది. ఇంతటి పాలనాదక్షత ఎక్కడా లేదని మంత్రులు మురిసిపోయేవారు.

ఒకనాడు లేఖకుడు తిప్పన ‘ఘనత వహించిన ప్రభువు’ అని రాయబోయి ‘గనత’ అని రాశాడు. దూరాన మేనమామ ఇంట చదువుకుంటున్న కూతురికి జ్వరమని ఆ ఉదయమే కబురొచ్చింది.

“నా ఘనతకే కోత పెడతావా? ఒక్క అక్షరం తప్పినవాడు నా కొలువుకు పనికిరాడు. పో,” అన్నాడు రాజు.

విదూషకుడు చెన్నుభట్టు తిప్పన వైపు చూశాడు. కొలువు పోతే ఆ పిల్ల చదువూ పోతుంది. అంతలో, దొరగారిని అడిగి తెలుసుకున్న సంగతొకటి గుర్తొచ్చి వినయంగా లేచాడు.

“న్యాయం ప్రభూ. మరి రెండక్షరాలు రాసి, రెండూ తప్పు రాసినవాణ్ణి?”

“అలాంటివాడు కూడా ఉన్నాడా?”

“ఉండటమేమిటి, ఆ తప్పును ఊరంతా అచ్చు గుద్దుతున్నాడు.”

“వాణ్ణి సభలో నిలబెట్టి చెంపలు వేయించండి.”

“దొరగారూ, ‘ఓకే’ ఎలా పుట్టిందో కాస్త సెలవివ్వండి,” అన్నాడు చెన్నుభట్టు.

దొరగారు గొంతు సవరించుకున్నారు. “పత్రికలవాళ్ల వేళాకోళమండీ. ‘ఆల్ కరెక్ట్’ అంటే అంతా సరిగ్గా ఉందని. నవ్వు కోసం దాన్ని కావాలనే తప్పుగా రాశారు. ‘ఏ’ ఉండాల్సిన చోట ‘ఓ’, ‘సి’ ఉండాల్సిన చోట ‘కే’. ఆ మొదటి అక్షరాలే ‘ఓకే’.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పేలోపే తమరు ముద్ర చేయించేశారు.”

రాజు ముద్ర వైపు చూసుకున్నాడు. “అంటే, అంతా సరిగ్గా ఉందని చెప్పే నా ముద్రలో...”

“ఒక్క అక్షరమూ సరిగ్గా లేదు ప్రభూ. తిప్పన నయం, మూడింట ఒక్కటే తప్పాడు.”

రాజుగారి మీసం ముందు కదిలింది, తరవాత బొజ్జ కదిలింది. పగలబడి నవ్వుతూనే రెండు చెంపలూ వేసుకున్నాడు.

“తిప్పనా, నీ కొలువు నీదే. ముందు నా గుర్రబ్బండిలో వెళ్లి బిడ్డను చూసి రా. చెన్నుభట్టూ, నీకు పాడి ఆవునిస్తున్నాను. ఇప్పుడే కాగితం రాయించి ముద్ర వేస్తాను.”

“కాగితం వద్దు ప్రభూ,” అన్నాడు చెన్నుభట్టు. “ఆవును తోలించండి.”