డొప్ప విడిచిన కెంపి

అనగనగా ఒక సముద్రం అడుగున రెండు మాయజాతులు ఉండేవి. పీతలు డెక్కలు టకటకలాడించి ఇసుకను గోడలా లేపగలవు. ఆక్టోపస్‌లు ఏ రంగు కావాలంటే ఆ రంగులోకి మారిపోగలవు. ఇసుక మాదంటే రాళ్లు మావని రెండు జాతులూ తాతల నాటి నుంచి కొట్టుకునేవి.

పీతలకు ఒక కట్టుబాటు ఉంది. ఒళ్లు పెరిగి పాత డొప్ప విడిచినప్పుడు పీత వెన్నముద్దలా ఉంటుంది. మాయ కూడా పనిచేయదు. ఆ మెత్తని ఒళ్లు ఎవరి కంటా పడకూడదు. కన్నతల్లి చూసినా పరువు పోయినట్టే. అందుకే కెంపి అనే పీతపిల్ల తన వేళ రాగానే ఒంటరిగా పోయి ఒక రాతి నెర్రెలో దూరి డొప్ప విడిచింది.

తీరా చూస్తే అది వన్నెలమ్మ అనే ఆక్టోపస్ ఇల్లు. గుడ్లను వదిలి కదల్లేక వన్నెలమ్మ తిండి మానేసి ఉంది. ఎదురుగా మెత్తని పీత.

కెంపి కళ్లు మూసుకుని, "తింటే తిను అక్కా, తొందరగా కానీ," అంది.

వన్నెలమ్మ ఆమెను చూసింది. గుడ్లనూ చూసింది. "నువ్వూ వీటిలాగే ఉన్నావు. ఇటు జరుగు పిల్లా," అంది.

గుడ్లను తినాలని ఒక పాముచేప మూడుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా వన్నెలమ్మ గుడ్ల మీదా కెంపి మీదా చేతులు కప్పి రాయి రంగులోకి మారింది. మూడోసారికి సత్తువ చాలక రంగు సరిగా పట్టలేదు.

"ఈ రాయి వణుకుతోందే. మావాళ్లకూ చూపిస్తా," అని నవ్వి పాముచేప వెళ్లింది.

అప్పటికి కెంపి డొప్ప గట్టిపడింది. తన దారిన తాను పోతే ఎవరికీ ఏమీ తెలియదు. కానీ ఒక్క పీత లేపే ఇసుక ఆ గుడ్లను దాచడానికి చాలదు. ఇంటికి పరుగెత్తి, గుడ్లను కాపాడటానికి రమ్మని తోటి పీతలను బతిమాలింది. ఎవరూ కదల్లేదు. రేపు పాముచేపలు మన మీదికే వస్తాయంది. రానీ, అప్పుడు చూద్దామన్నారు. ఆక్టోపస్ గుడ్లకు ఈ పిల్ల ఎప్పుడు పిన్నమ్మయిందని ఎవరో ఎగతాళి చేశారు.

కెంపి దాచుకున్న సంగతి బయటపెట్టింది. "నేను డొప్ప విడిచి ఉండగా ఆమె నన్ను చూసింది. ఆకలితో ఉండి కూడా తినకుండా నన్ను దాచింది," అంది.

అందరూ ముఖాలు తిప్పుకున్నారు. ఊరికి పెద్దయిన గండయ్య తాత మాత్రం తన పెద్ద డెక్కలు కిందికి దించాడు.

"పోయినసారి డొప్ప విడిచినప్పుడు నాకు చచ్చేంత భయమేసింది. ఎవరైనా పక్కన ఉంటే బాగుండుననిపించింది," అని మెల్లగా అని, రాళ్లవైపు నడిచాడు.

నేనూ భయపడ్డానని ఒక పీత, నేనూ అని ఇంకొకటి, ఒకదాని వెనుక ఒకటి కదిలాయి. గుంపుగా వచ్చిన పాముచేపలకు పీతలన్నీ కలిసి లేపిన ఇసుకగోడ తప్ప ఏమీ కనిపించలేదు. తిట్టుకుంటూ వెనక్కి మళ్లాయి.

గోడ లోపల పీతలు తెచ్చిన ఆల్చిప్పలు వన్నెలమ్మ కడుపునిండా తింది. గుడ్లు చిట్లాయి. చిటికెడంత పిల్లలు బయటికొచ్చి, చుట్టూ ఉన్నవాళ్లే తమవాళ్లనుకుని, ఒక్కొక్కటే పీతల ఎర్రరంగులోకి మారాయి.

నీతి: భయపడ్డానని చెప్పుకుంటే పరువు పోదు, తోడు దొరుకుతుంది.