వెయ్యి ఆహాల గూడు

అనగా అనగా, ఏ పటంలోనూ దొరకని ఒక పచ్చని అడవి. ఆ అడవిలో వాగు ఒడ్డున, ఈతచెట్టు మీద జిలుగు అనే గిజిగాడు గూడు అల్లుతున్నాడు.

గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మగపిట్ట సగం గూడు అల్లి ఆపాలి. ఆడపిట్ట వచ్చి, లోపల దూరి చూసి, "సరే" అంటేనే మిగతా సగం. వానలు ముంచుకొస్తున్నాయి. ఈలోగా మేలిమి అనే ఆడపిట్ట చేత ఆ మాట అనిపించుకోవాలని జిలుగు ఆశ. మేలిమి కిచకిచమంటే వాడికి వాగు కూడా ఆగి విన్నట్టుండేది మరి!

ఆ అడవిలో కబుర్ల చిలుకలు ఉండేవి. ఎవరేం చేసినా అడవంతా చాటేవి. విన్నవాళ్ళు అన్న "ఆహా"లన్నీ మోసుకొచ్చి వినిపించేవి.

మొదటిసారి మేలిమి వచ్చింది.

"జిలుగూ, లోపల చూడనా?"

"ఒక్క క్షణం!" అన్నాడు. అప్పుడే చిలుక వాలింది.

"ఓయ్, నీ గూటికి నూరు ఆహాలు! ఏనుగుతాత అయితే రెండుసార్లు అన్నాడు!"

"మరి నెమలి ఏమంది చిలకమ్మా?"

నెమలి సంగతి విని వెనక్కి తిరిగేసరికి మేలిమి లేదు.

జిలుగు గూటి నిండా తుమ్మపూలు గుచ్చాడు. ఆహాలు ఐదువందలయ్యాయి. నక్కబావ మాత్రం "ఇంతేనా?" అన్నాడట. ఆ ఒక్క మాట ముల్లులా గుచ్చుకుంది. రెండోసారి మేలిమి వచ్చి, పక్కన కూర్చుని, వాగు పొంగిన సంగతీ, వాళ్ళమ్మకి రెక్క నొప్పి చేసిన సంగతీ చెప్పింది. వాడు "ఊఁ... ఊఁ..." అన్నాడు.

"మా అమ్మ రెక్క నొప్పి అంటున్నా, వింటున్నావా?"

"ఆహా!" అన్నాడు జిలుగు, పరధ్యానంగా.

మేలిమి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఎగిరిపోయింది.

మూడోసారి వచ్చేటప్పటికి ఆకాశం నల్లబడింది. "చెప్పి పోదామని వచ్చా. పక్క కొమ్మవాడి గూడు చూడబోతున్నా."

జిలుగు ముక్కులోని తుమ్మపువ్వు జారి వాగులో పడింది. అంతలో చిలుక రొప్పుతూ దిగింది.

"వెయ్యి! ఇంతవరకు ఎవరికీ రాలేదు! ఏం చెప్పమంటావ్? అడవంతా కాచుక్కూర్చుంది!"

"కూర్చోనీ. నా గూటికి మేలిమి వచ్చింది." ఆమె వైపు తిరిగాడు. "ఒక్కసారి లోపలికి రా. బాగోలేకపోతే మొహమాటపడకుండా చెప్పు."

ఆమె దూరగానే గూడు గిర్రున తిరిగింది.

"బయటేమో పెళ్ళిపందిరి! లోపల తడిమట్టి ఏదయ్యా? బరువు లేకపోతే చిన్న గాలికే తిరిగిపోతుంది. పిల్లలకి కళ్ళు తిరగవూ?"

జిలుగుకి తల కొట్టేసినట్టయింది. ఆహా అన్నవాళ్ళు వెయ్యిమంది. లోపలికి వచ్చి చూసింది ఈమె ఒక్కతే!

"తప్పు నాదే. ఇప్పుడే మెత్తుతా. పక్క కొమ్మకి మాత్రం పోకు."

"సాయంత్రం దాకా చూస్తా," అంది మేలిమి. చూస్తూ ఊరుకుందా? "ఇక్కడ కాదు, పైన... అబ్బ, మరీ అంత కాదు!" అని పెత్తనం చేసింది. చిలుకలు వచ్చి ఎన్ని అడిగినా, ముక్కునిండా మట్టి ఉన్నవాడు ఏం జవాబు చెబుతాడు?

సాయంత్రం గాలి విసిరింది. గూడు మెల్లగా ఊగింది, తిరగలేదు. లోపలినుంచి మేలిమి అంది:

"సరే."

ఆ ఒక్క మాటకి జిలుగు కొమ్మ మీద మూడు మొగ్గలు వేశాడు!

కనుక పిల్లలూ, దూరంనుంచి మెచ్చుకునే వెయ్యిమంది కన్నా దగ్గరికొచ్చి మన మంచిచెడ్డలు చూసే ఒక్కరు మిన్న. వాళ్ళు మాట్లాడేటప్పుడు చేతిలోది పక్కన పెట్టి వినాలి.