తినేవాళ్ల మీద అరవకూడదు

మా చుట్టుపక్కల ఊళ్లలో నా అంత వినయవంతుడు లేడు. ఎవరూ అడక్కపోయినా ఈ సంగతి నేనే పోయి చెప్పి వస్తుంటాను, పాపం వాళ్లకు తెలియకుండా పోతుందేమోనని. బడి గడప పెద్దగా తొక్కినవాణ్ణి కాదు. జంతువుల భాష మాత్రం గురువు లేకుండానే నేర్చుకున్నాను. అందులో ఒక సుఖముంది. నేను తప్పు చెప్పినా దిద్దడానికి ఏ నక్కా పలక పట్టుకుని రాదు. కాబట్టి ఎలుగుబంటి ఇలా అన్నదని నేను చెబితే, అన్నదనే అనుకోండి.

గుండ్రాళ్ల గుట్ట కింద కనుచూపు మేర గడ్డి బీడు. బీడు అంచున గొర్రెల కాపరి బీరప్ప దొడ్డి, చుట్టూ తుమ్మకంప. దొడ్డిలో గొర్రెలు గాక ఇద్దరు పెద్దమనుషులు ఉండేవారు. ఒకడు బండికి కట్టే ఎద్దు పుల్లన్న, జతగాడు చచ్చిపోయాక బాగా మెత్తబడ్డవాడు. రెండోవాడు కాపలా కుక్క బూడిదోడు, మర్యాద తెలిసినవాడు. గుట్ట మీది రాళ్ల సందుల్లో ఎలుగుబంటి, దాని కూన. తాగే నీళ్లకు అందరికీ ఒకటే చెలమ, అదీ దొడ్డికి దగ్గర్లో.

అందుకని వాళ్ల మధ్య ఒక కట్టుబాటు ఉండేది. పొద్దు వాలే వేళ ఎలుగు గుట్ట దిగగానే బూడిదోడు ఒక్కసారి మొరుగుతాడు. అది ఒక్కసారి బుసకొడుతుంది. నేనున్నాను అని వాడు, నేనూ ఉన్నాను అని అది. ఆపైన వాడు కంప దాటడు, అది చెలమ దాటదు. ఒకరంటే ఒకరికి భయం. ఆ భయం మీదే రెండు కాపురాలూ చల్లగా సాగాయి.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. రేగు కాయలేదు, చెదల కోసం తవ్వే పుట్టమన్ను రాయిలా బిగిసింది, తేనెపట్లు ఎండిపోయాయి. ఎలుగు నడుస్తుంటే తోలొక పక్కకూ ఎముకలొక పక్కకూ పోతున్నట్టుండేది. వెనక కూన కాళ్లీడ్చుకుంటూ వచ్చేది. అది చూసి పుల్లన్న నెమరు వేయడం మరిచిపోయాడు.

సరిగ్గా అప్పుడే నక్క వచ్చింది. దుఃఖమున్న ఇంటికి పిలవకుండానే పోయే సుగుణం దానిది. చాన్నాళ్లుగా దాని ధ్యాసంతా గొర్రెపిల్ల మీద. అడ్డం తుమ్మకంప. దాన్ని తోసే బలం తనకు లేదు, గుట్ట మీది వాళ్లకుంది.

"మామా, ఆకలి రుచెరగదంటారు. కంచె కూడా ఎరగదు," అంది పుల్లన్నతో. "నీ తొట్టిలో నూనె పిండిన శనగచెక్క ఓ రెండు ముక్కలు చెలమ గట్టున పడేయ్. పుణ్యానికి పుణ్యం, కాపలాకు కాపలా. కడుపు నిండినవాళ్లు మన మీదికెందుకొస్తారు?"

బూడిదోడు ఒప్పుకోలేదు. గుట్ట మీది వాళ్లు గుట్ట మీదే తినాలి, మన రుచి వాళ్లకు చూపిస్తే మన ఇల్లు చూపించినట్టే అన్నాడు. నక్క వాడితో వాదం పెట్టుకోలేదు, వాడి మర్యాదను పట్టుకుంది.

"అల్లుడూ, ఇంగితం తెలిసినవాడివి, నీకు చెప్పాలా? మామ పెడితే పెట్టనీ, లేకపోతే లేదు. పెట్టాక మాత్రం మొరగబోకు. తినేవాళ్ల మీద అరవకూడదు. పగవాడైనా సరే."

మా వైపు అది నిజంగానే ఉన్న ఆచారం. కొట్టడానికి కర్ర పట్టుకొచ్చినవాడు కూడా, ఎదుటివాడు కంచం ముందుంటే కర్ర గోడకానించి, వాడు చెయ్యి కడుక్కునేదాకా అరుగు మీద కూర్చుంటాడు. బూడిదోడు సరేనని తలూపాడు.

మర్నాడు మేతకు పోతూ పుల్లన్న బుగ్గన పెట్టుకున్న చెక్కను చెలమ గట్టున వదిలాడు. సాయంత్రం ఎలుగు వచ్చి, వాసన చూసి, దొడ్డివైపు చెవి పెట్టింది. మొరుగు రాలేదు. కూన తినడం మొదలుపెట్టింది.

"ఏం తమ్ముడూ, గొంతు బాగాలేదా?" అని అడిగింది ఎలుగు.

"బాగానే ఉందక్కా. పసిది తింటోంది కదా, అరిస్తే మర్యాద కాదని."

ఎలుగు కూన వైపు చూసింది. "నువ్వు అరిస్తేనే నాకు ఎక్కడ ఆగాలో తెలిసేది. నాకైతే అలవాటైంది, ఆగుతాను. దీనికింకా ఏమీ తెలియదు."

"ముందు తిననీ అక్కా. నేర్పడానికేం, రేపు నేర్పుకుందాం."

తర్వాత రోజు నుంచి చెక్క కొంచెం కొంచెంగా దొడ్డివైపు జరగసాగింది. జరిపేది నక్క. వానలు వచ్చాయి, రేగు పూసింది, పుట్టలు మెత్తబడ్డాయి. తల్లి పుట్టల దారి పట్టింది. కూన మాత్రం చెక్క దారి వదల్లేదు. తల్లి వాలు మీద నిలబడి పిలిచి పిలిచి, చివరికి దాని వెనకే దిగి వచ్చేది.

ఒక సాయంత్రం చెక్క బయటెక్కడా లేదు, కంప లోపలి తొట్టిలోనే ఉంది. నక్క దారి చూపించింది. కూన తలతో కంప తోసుకుని లోపలికి పోయి తొట్టిలో మూతి పెట్టింది. తినేవాళ్ల మీద అరవకూడదని బూడిదోడు అటు తిరిగి పడుకున్నాడు. ఆ సందులోంచే నక్క దూరి గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. పోయేటప్పుడు రాళ్ల మీదుగా పోయింది.

బీరప్ప వచ్చి చూస్తే తడి మట్టిలో ఎలుగు అడుగులే కనబడ్డాయి. బీరప్ప చెడ్డవాడు కాడు. తల్లి లేని ఆ గొర్రెపిల్లను సీసా పాలతో సాకినవాడు. ఎవరినీ తిట్టలేదు. ఇనప తీగ తెచ్చి, కంప తెరుచుకున్న చోట ఉచ్చు బిగించి, మర్నాడు మనుషుల కోసం ఊళ్లోకి పోయాడు.

పొద్దు వాలింది. కూన గుట్ట దిగింది. తల్లి ఇంకా వెనకే ఉంది.

బూడిదోడు మర్యాద పక్కన పెట్టి మొరిగాడు. గొంతు చీరుకుపోయేలా మొరిగాడు. వాలు మీద తల్లి అక్కడికక్కడే ఆగిపోయింది. దానికి అర్థం తెలుసు. కూనకు తెలియదు. తిండి పెట్టే ఇంటి నుంచి పిలుపు వచ్చిందనుకుని గంతులేస్తూ పరిగెత్తుకొచ్చింది. వెనక తల్లి అరుస్తోంది, ముందు బూడిదోడు అరుస్తున్నాడు. ఆ రెండు అరుపుల మధ్య నుంచి అది సంతోషంగా ఉచ్చులోకి వచ్చేసింది.

బీరప్ప మనుషులతో వచ్చేసరికి చేయాల్సిందేమీ మిగల్లేదు. తీగ మెడకు పడింది. వాళ్లు తెచ్చిన డప్పుల చప్పుడుకు తల్లి ఆగి ఆగి, తిరిగి తిరిగి చూస్తూ గుట్ట ఎక్కింది. మళ్లీ చెలమకు రాలేదు.

కొన్నాళ్లకు నక్క పరామర్శకు వచ్చింది. "కుమిలిపోకు మామా. నువ్వు పెట్టింది అన్నమేగా, విషం కాదుగా."

"విషమైతే దాని తల్లి మొదటిరోజే వాసన పట్టేది," అన్నాడు పుల్లన్న. తొట్టి వదిలేసి, గుట్ట కనబడని వైపు తిరిగి పడుకున్నాడు.

నీతి: పక్కపక్కన బతకాల్సిన వాళ్లు ముద్ద కంటే ముందు హద్దు పెట్టుకోవాలి.

నీతి చెప్పడం నాకు వచ్చు. డొక్కలెండిన పసిప్రాణి ఎదురుగా నిలబడితే, పెట్టకుండా మొహం తిప్పుకోవడం ఎలాగో నాకింకా రాలేదు.