నాగవేణి బండల తోట

అనగనగా, ఒక రాళ్ళకొండ ఒళ్ళో చిన్న ఊరుండేది బంగారం. అక్కడ రాళ్ళు కొట్టే ఓబులేసు, కాలవ కింది పల్లె నుంచి నాగవేణిని పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. పుట్టింట్లో ఆ పిల్ల చుట్టూ పూలే. ఇక్కడేమో వాకిట్లో ఏనుగంత బండ, దాని పక్కన బుడ్డ బండలు. పాపం, పలకరించడానికి ఒక్క మొక్క లేదు.

ముందు బంతినారు పెట్టింది. వేరు దిగడానికి మన్నేదీ? వారానికే ఎండిపోయింది.

ఆ తర్వాత చెరువుమట్టి తట్టలతో మోసి, బండమీద పోసి మల్లె అంటు నాటింది. ఒక్క వాన! మట్టీ మల్లే కలిసి వీధిలోకి కొట్టుకుపోయాయి. నాగవేణి గడపలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "మా ఊరు పోతా" అంది.

ఓబులేసు గుండె జారిపోయింది. "ఏడవద్దు మే. ఈ బండ పగలగొట్టి మడి చేసిస్తా" అని సమ్మెట ఎత్తాడు. రోజూ పని నుంచి వచ్చి కొట్టేవాడు. మూడోనాడు రాతిపెచ్చు ఎగిరి కనుబొమ్మ చీరుకుపోయింది. నెత్తురు చూసి నాగవేణి పరుగున వచ్చింది. పసుపద్ది, సమ్మెట లాగేసుకుంది.

"బండ ఉండనీయయ్యా. నీ కన్ను పోతే నాకేం పూలు!"

మర్నాడు అతనికి సంగటి తీసుకుని కొండకి పోయింది. అప్పుడు చూసింది. ఎండకి కాలే బండ సందులో బిళ్ళగన్నేరు విరగబూసి ఉంది. నీడన రణపాల. అంచున కలబంద. "మిమ్మల్నెవరు నాటారే?" అంటూ అక్కడే కూలబడింది.

అప్పుడు ఒక్కో పిలక ఇంటికి తెచ్చింది. పెద్దబండని కదిలించలేదు. పగుళ్ళలో పిడికెడు గరుసుమన్ను కూరి బిళ్ళగన్నేరు పెట్టింది. నీడవైపు రణపాల ఆకులు గుచ్చింది. ఎండవైపు కలబంద నాటింది. బుడ్డ బండల్ని, కొండమీద ఉన్నట్టే, సగం భూమిలోకి దించమంది. ఓబులేసు ఆమె చెప్పినచోట ఒక్కో రాయీ ఒరిగించాడు.

"ఊహ తెలిసినప్పట్నుంచీ రాయిని పగలగొట్టడమే మే. కూర్చోబెట్టడం ఇదే మొదలు" అన్నాడు.

వానలు వెనకబట్టేసరికి బండ చుట్టూ పూలే పూలు. అప్పుడు నాగవేణి నాయన వచ్చాడు. "పద తల్లీ, నెల్లాళ్ళుండి వద్దువు."

"మొక్కలకి నీళ్ళెవరు పోస్తారు నాయనా?"

ఓబులేసు మొహం చిన్నబుచ్చుకునే, "వీటికి పెద్దగా నీళ్ళక్కర్లేదులే, పోయిరా" అన్నాడు.

వెళ్ళింది. నాలుగోనాటికే మూట చంకనబెట్టుకుని తిరిగొచ్చింది.

"అదేమే, నెలన్నారుగా?"

"అక్కడ వాకిలి బోసిగా ఉందయ్యా, ఒక్క బండైనా లేదు" అని, నవ్వుతూ లోపలికెళ్ళి పొయ్యి రాజేసింది.

కథేమో కంచి బండెక్కింది,
కన్నేమో కునుకెక్కింది. పడుకో తల్లీ.